గోష్ లేని దేగ్

1965 వానాకాలంలో నన్ను మెదక్ పంచాయతీ సమితికి సాంఘిక విద్యా విస్తరణాధికారిగా వేశారు. సమితిలో అందరికీ పైన బ్లాకు అభివృద్ధి అధికారి, అంటే బీడీవో గారు. ఆయన కింద వ్యవసాయానికొకరు, పశువులకొకరు, సహకార సంఘాలకొకరు విస్తరణాధికారులు. వాళ్ల పనేమిటో పేరులోనే ఉండేది. నా పనేమిటో నాకు తెలియడానికి కొంత కాలం పట్టింది. ఎవరికీ చెందని పని ఏదొచ్చినా అది సాంఘిక విద్య కిందికి వస్తుందని చివరికి అర్థమైంది.

పోషకాహార ప్రదర్శన ఆ దారినే నా బల్ల మీదికి వచ్చింది. సర్క్యులర్ ప్రకారం వంటలో మాంసం, గుడ్డు, పాలు ఉండరాదు. ధాన్యం పొట్టుతో వాడాలి, పప్పు తోలుతో వాడాలి, ఉడికించిన నీళ్లు పారబోయరాదు, ఆకుకూర తప్పనిసరి. ఇదంతా ప్రజల ఎదుట వండి, ప్రజల చేత తినిపించాలి. చివరిది తప్ప మిగతావన్నీ నా చేతిలో ఉన్నవే.

ప్రదర్శన చూడటానికి హైదరాబాదు నుంచి డిప్యూటీ డైరెక్టర్ గారు వస్తున్నారు. నేనింకా ప్రొబేషన్‌లో ఉన్నాను. ప్రొబేషన్‌లో ఉన్నవాణ్ణి ఇంటికి పంపడానికి సర్కారు కారణం వెతుక్కోనక్కర్లేదు. జనం తినకపోతే నా గురించి మంచిగా రాయడానికి తనకు ఏమీ మిగలదని బీడీవో గారు నెమ్మదిగా చెప్పారు. ఆయన ఏదైనా నెమ్మదిగానే చెప్పేవారు. అందువల్ల మాకు భయం నిదానంగా, పూర్తిగా ఎక్కేది.

ముందుగా పాపన్నపేటలో, అక్కడి గ్రామసేవిక సాయంతో, ఒక రిహార్సల్ వేశాను. ఉలవలు, జొన్నలు, మునగాకు కలిపి ఉడికించాం. జనం మర్యాదగా చుట్టూ నిలబడి చూశారు. ఒక పెద్దాయన దగ్గరికొచ్చి, "ఎడ్లను గిప్పుడే తోల్కరావాల్నా సార్, సల్లారినంకనా?" అని అడిగారు. ఆ ఊళ్లలో ఉలవలు ఉడకబెట్టేది ఎడ్ల కోసం. ఆయన వెటకారంగా అడిగి ఉంటే నేను అంత కుంగిపోయేవాణ్ణి కాదు.

అప్పుడు నాకు మా ఇంటి యజమాని గుర్తొచ్చారు. మెదక్‌లో నేను కిరాయికి ఉన్న గది ఖాదర్ భాయిది. వృత్తికి బావర్చీ. పెళ్లిళ్లలో దేగ్ ఎక్కించడం, అంటే పెద్ద రాగి పాత్రల్లో బిర్యానీ, హలీం వండడం ఆయన పని. చుట్టుపక్కల తురక పెళ్లి అయినా, పటేళ్ల దావత్ అయినా, ముందు ఖాదర్ భాయికి ఏ రోజు వీలవుతుందో కనుక్కుని తర్వాత ముహూర్తం చూసుకునేవారు.

నేను సర్క్యులర్ చదివి వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. వండటం కష్టం కాదన్నారు. హలీంలో ఎలాగూ దంచిన గోధుమలు, పప్పులు ఉంటాయి. గోష్, అంటే మాంసం, తీసేసి ఆ జాగాలో ఉలవలు, పల్లీలు వేసి, పైన ఆకుకూర కలిపితే సరిపోతుంది. ఉల్లిగడ్డ ఎర్రగా వేగి, మసాలా మూట దేగ్‌లో పడితే జనం వాసనకే వస్తారు. కష్టం వేరే చోట ఉంది.

"గోష్ లేని దేగ్ కింద నేను మంట వెట్టిన్నని తెలిస్తే, రేపు నన్ను ఎవడు పిలుస్తడు సాబ్?" అన్నారు.

అది ఉత్త ఆత్మాభిమానం కాదు. బజారులో బట్టల వ్యాపారం చేసే సేఠ్ సాబ్ తన కూతురి పెళ్లికి ఆయన్ని మాట్లాడుకుని ఉన్నారు. ఆ సేఠ్ సాబ్ ప్రదర్శనకు ఆహ్వానితుడు కూడా. మా బేరం ఇంక చెడిందనుకుంటుండగా, లోపలి నుంచి ఖాదర్ భాయి భార్య ఉర్దూలో కలగజేసుకున్నారు. ఈ కిరాయిదారు నౌకరీ పోతే ఇంత నోరులేనివాణ్ణి మళ్లీ ఎక్కడ వెతకాలన్నది ఆమె ప్రశ్న. ఖాదర్ భాయి ఒప్పుకున్నారు. షరతు ఒక్కటే: దేగ్ దగ్గర తనను ఎవరూ చూడకూడదు.

సాంఘిక విద్యా విభాగానికి ఉన్న ఆస్తి ఒక తెల్ల గుడ్డ తెర. డాక్యుమెంటరీ సినిమాలు దాని మీదే చూపేవాళ్లం. ప్రదర్శన నాడు దాన్ని సమితి ఆవరణలో గుంజలకు కట్టించాను. తెరకు పడమర దేగ్, ఖాదర్ భాయి. తూర్పున కుర్చీలు, డిప్యూటీ డైరెక్టర్ గారు, సమితి సభ్యులు, ప్రజలు. ఏర్పాటు నాకే ముచ్చటేసింది.

సాయంత్రం కావచ్చేసరికి పొద్దు పడమరకు వాలింది. పొద్దు ఎప్పుడూ ఆ వైపుకే వాలుతుందని నేను బడిలో చదువుకున్నదే. తెర మీద నిలువెత్తున ఖాదర్ భాయి నీడ పడింది. నెత్తికి చుట్టిన తువ్వాలు, గడ్డం, పొట్ట, చేతిలో హలీం మెదిపే కొయ్య రోకలి, అది దించినప్పుడల్లా నడుము ఊపు, అన్నీ అచ్చు గుద్దినట్టు కనిపిస్తున్నాయి. సమితి చూపిన ఏ సినిమానూ జనం అంత శ్రద్ధగా చూడలేదు. ఒకరి చెవిలో ఒకరు ఏదో చెప్పుకున్నారు. తర్వాత విస్తర్ల కోసం బారు కట్టారు. అది పోషకాహార విజ్ఞానం సాధించిన విజయమని నేను నమ్మాను.

డిప్యూటీ డైరెక్టర్ గారు పుట్టు శాకాహారి. ఉల్లి వరకు ఉద్యోగం కోసం సర్దుకున్నారు. ఆయన తిన్నారు, మారు వడ్డించుకున్నారు, బీడీవో గారి వైపు చూసి తలాడించారు. నా ప్రొబేషన్ ముగిసిన చప్పుడు నాకు వినబడింది.

అప్పుడు ఆయన పక్కన కూర్చున్న శివ్వంపేట పటేల్, సమితి సభ్యుడు, వేళ్లు నాక్కుంటూ అన్నారు: "గోష్ మస్తు మెత్తగుడికింది సార్. ఒక్క బొక్కన్న తగుల్తలేదు సూడుండ్రి."

డిప్యూటీ డైరెక్టర్ గారి చెయ్యి విస్తరి మీదే ఆగిపోయింది. గోషేమిటని అడిగారు. ఖాదర్ భాయి దేగ్‌లో గోష్ కాక ఇంకేముంటదని పటేల్ తెర వైపు చూపించారు. తాను ఆ చేతి వంట ఎన్ని దావతుల్లో తిన్నారో కూడా చెప్పబోయారు. డైరెక్టర్ గారు వినే స్థితిలో లేరు. లేచి, వంట చేసినాయన్ని పిలిపించమన్నారు. నేను సర్క్యులర్ చదవబోతే చెయ్యెత్తి ఆపారు. విస్తరణాధికారి మాట సాక్ష్యం కిందికి రాదట.

ఖాదర్ భాయి తెర పక్కనుంచి, రోకలి భుజాన పెట్టుకుని వచ్చారు. ఆయన ఎదురుగా సేఠ్ సాబ్ విస్తరి పట్టుకుని నిలబడి ఉన్నారు. గోష్ లేదంటే ఖాదర్ భాయికి ఆ పెళ్లి వంట పోతుంది, ఉందంటే నా ఉద్యోగం పోతుంది. నేను ఆయన ముఖం చూడకుండా గుంజలను పరిశీలిస్తూ నిలబడ్డాను.

ఖాదర్ భాయి వండినది రుచి చూసే మనిషి కాదు. వాసనతోనే ఉప్పు చెప్పేవారు. ఆరోజు పటేల్ విస్తరిలో వేలు ముంచి, నాలుక మీద పెట్టుకుని, కొంచెం సేపు ఆలోచించారు. తర్వాత డైరెక్టర్ గారిని వదిలేసి పటేల్ వైపు తిరిగారు.

"పటేలా, నా చేతి గోష్ నువ్వెన్నడన్న తిన్నవా? తిన్నోడైతే దీన్ని గోష్ అంటడా? ఇది గడ్డి. సర్కారోళ్లు వండుమన్నరు, వండిన."

డిప్యూటీ డైరెక్టర్ గారు ఆ మాట మళ్లీ చెప్పమన్నారు. ఖాదర్ భాయి మరింత స్పష్టంగా చెప్పారు. తన దేగ్‌లో మేక పడితే తినేవాడికి మాట రాదని, ఇక్కడ అందరూ ముచ్చట్లు పెడుతూ తింటున్నారని, అంతకంటే రుజువు ఏం కావాలని. సేఠ్ సాబ్ గట్టిగా తలూపారు. పటేల్ తనకు పొద్దున్నుంచి జలుబని, నాలుక పని చేయడం లేదని వివరించారు. డైరెక్టర్ గారు ఎంతో ఊరటతో కూర్చుని విస్తరి ఖాళీ చేశారు. తాను తింటున్నది గడ్డి అని విని అంత సంతోషించిన మనిషిని నా సర్వీసులో మళ్లీ చూడలేదు.

నా ప్రొబేషన్ సక్రమంగా ముగిసింది. సేఠ్ సాబ్ ఇంటి పెళ్లిలో మేకలు అనుకున్నదానికంటే ఎక్కువే పడ్డాయి. పోషకాహారం మాత్రం మెదక్‌లో అక్కడితో ఆగింది. ఆ వంట ఇళ్లలో చేసుకోండని నేను ఎవరికి చెప్పినా, ఖాదర్ భాయే దాన్ని గడ్డి అన్నాడు కదా సార్ అనేవారు. వాళ్లలో చాలామంది ఆనాడు మారు వడ్డించుకున్నవాళ్లే.

తర్వాతి ఉద్యోగ జీవితంలో చాలా విచారణలు చేశాను, కొన్నింటికి లోనయ్యాను కూడా. ఒకచోట ఒక వస్తువు లేదని రుజువు చేయాలంటే, అది ఉంటే గర్వపడే మనిషిని సాక్షిగా పిలవాలి. ఆయన మాట ఎవరూ కాదనరు. అయితే ఆ సాక్షిని పిలిచాక, ఆ వస్తువు లేకుండా కూడా బాగుందని జనాన్ని ఒప్పించే ఆశ వదులుకోవాలి. రెండూ ఒకే మనిషి చేత చెప్పించడం సర్కారు వల్ల కూడా కాదు.