ఒక్క మెట్టుకు పదంతలు

మా సైన్సు సారు పోయారని మొన్న పటాన్‌చెరు బస్సులో చిన్ననాటి దోస్తు చెప్పింది. దిగాల్సిన స్టాపు దాటిపోయినా నాకు తెలియలేదు.

సారు జేబులో పెన్ను ఉన్నా లేకున్నా, నీళ్ల పులుపు చూసే రంగు కాగితాల చిన్న పుస్తకం మాత్రం ఉండేది. జిన్నారం దగ్గర మా పొలాల పక్కన ఫ్యాక్టరీలు లేస్తున్న రోజులవి. కాగితాన్ని నీళ్లలో ముంచి, మారిన రంగును అట్ట మీది అంకెలతో పోల్చాలి. ఏడంటే ఆకుపచ్చ, మంచినీళ్లు. అంకె తగ్గితే పులుపు. తొమ్మిదో తరగతిలో తలా ఒక బావి చూసి నెలనెలా రాసుకునేవాళ్లం.

మా బావి ఎప్పుడూ ఆరు చూపేది. ఒక పొద్దున నాలుగు చూపింది.

"రెండే తగ్గింది నాయినా" అన్నాను.

"రెండేనా? ఏం గాదు తియ్యి" అని నాయిన మా సూడి బర్రెను తొట్టి దగ్గరికి తోలాడు.

బడిలో నేను రాసింది చూడగానే సారు ముఖం పాలిపోయింది. నన్ను సైకిల్ వెనక ఎక్కించుకుని మా పొలం దిక్కు తొక్కారు. దారిలో చైను ఊడింది. ఎక్కించి మళ్లీ తొక్కారు. ఏం జరిగిందో తెలియక నాకు ఏడుపొచ్చింది.

మేం చేరేసరికి బర్రె మళ్లీ తొట్టిలో మూతి పెట్టబోతోంది. సారు సైకిల్ పడేసి అడ్డం నిలబడ్డారు.

"తాగనియ్యకు అన్నా!"

"గిదేంది సారూ, రెండు నంబర్లకే గింత లొల్లా? జరం రెండు డిగ్రీలు పెరిగితే సస్తమా?" నాయిన కసిరాడు.

"గిది జరం లెక్క గాదన్నా. ఒక్క మెట్టు దిగితే పులుపు పదంతలు. రెండు దిగితే నూరంతలు. దాని ఎంట ఫ్యాక్టరీల మందులు ఇంకేం గలిసినయో!"

నాయిన చేతిలోంచి పలుపుతాడు జారింది. "పొద్దుగాలనే కడుపునిండ తాగింది గద సారూ..."

మూడో రోజు దూడ చచ్చి పుట్టింది.

ఇక బడికి పోనని మొండికేశాను. రెండే అన్న నోరు నాదే కదా! సారు ఇంటికొచ్చి నాయిన ముందే అన్నారు: "తప్పు పిల్లది గాదు. మెట్టు సంగతి చెప్పకుండనే కాగితం చేతికిచ్చిన. తప్పు నాది."

నాయిన మంచం వాల్చాడు. "కూసో సారూ, చాయ్ తాగు" అన్నాడు. బావి చుట్టూ ఇద్దరూ కలిసే ముళ్లకంప వేశారు.

ఆ మరుసటి ఏడు నుంచి సారు కాగితాలిచ్చే ముందు రెండు చెంబులు పెట్టేవారట. ఒకదాంట్లో ఒక నిమ్మకాయ పిండి, రెండోదాంట్లో పది పిండి, అందరితో రుచి చూపించేవారట. "ఎవల నాలిక వాళ్లకు చెప్పాలె" అనేవారని, తర్వాత అదే తరగతికొచ్చిన మా చెల్లె చెప్పింది. ఆ నిమ్మకాయలు ఏ దూడ వల్ల వచ్చాయో నాకు తెలుసు.

నిన్న వాళ్లింటికి పోయాను. సారు భార్య గ్లాసుతో నీళ్లిచ్చి, ఆయన జేబులోని ఆ చిన్న పుస్తకం నా చేతిలో పెట్టింది. ఒక్క కాగితమే మిగిలింది. చింపి గ్లాసులో ముంచాను. ఆకుపచ్చ తేలేదాకా ఇద్దరం చూశాం. అప్పుడు తాగాను.