వజ్రమ్మవ్వ సాక్ష్యానికి లేస్తే

వజ్రమ్మవ్వ సాక్ష్యం చెప్పడానికి లేస్తే మళ్లీ కూర్చోదు. ఆమె గురించి తెలుసుకోవాల్సింది ఇదొక్కటే. మా అలియాబాద్ చర్చి సంఘంలో మిగతా అందరూ దేవుడు చేసిన మేలు రెండు ముక్కల్లో చెప్పి, వందనాలని కూర్చుంటారు. వజ్రమ్మవ్వ మాత్రం గ్యాస్ బండ వచ్చిందని మొదలుపెడితే, బండ తెచ్చినవాడి పెళ్లి, ఆ పెళ్లిలో కూర, ఆ కూరలో ఉప్పు, ఇవన్నీ అయ్యాకే దేవుడి దగ్గరకు వస్తుంది. ఒక్కోసారి దారిలో దేవుణ్ణి మర్చిపోయి మళ్లీ మొదట్నుంచి చెబుతుంది.

నేను మా ఆయనతో ఆమె ఇంట్లోనే పై పోర్షన్‌లో అద్దెకుంటున్నాను. తుర్కపల్లిలో ల్యాబ్ ఉద్యోగం. వారమంతా కంపెనీ క్యాబ్‌లో కునికిపాట్లు పడి, ఒక్క ఆదివారం ప్రశాంతంగా వాక్యం విందామని వెళ్తే, ఈవిడ బర్రె సంగతులు వినాలి.

ఆపడానికి మేం చేయని ప్రయత్నం లేదు. యాదయ్య పాస్టరుగారు దగ్గి చూశారు. "అయ్యగారికి దగ్గు లేసింది, మిరియాల కషాయం తాగాలె" అని అక్కణ్ణుంచి కషాయం మీద పడింది. మైకు తీసేస్తే గొంతు పెంచింది. ఆఖరికి, ఆమె సాగదీస్తే కీబోర్డు వాయించమని బాలేష్‌కు చెప్పాం. అతను వాయించాడు. వజ్రమ్మవ్వ కళ్లు మూసుకుని, "మస్తుగున్నది. ఇంకింత మెల్లగ కొట్టు బిడ్డా, నేను బస్సుల వోయిన ముచ్చట చెప్తున్న" అంది.

"అవ్వా, జర తక్కువ చెప్పరాదు?" అని ఇంటికొచ్చి మొత్తుకున్నాను.

"తక్కువనే చెప్పిన. శామీర్‌పేట బస్టాండ్ ముచ్చట ఇడిసిపెట్టిన."

మదర్స్ డే ఆదివారం నాకు అసలే మనసు బాగాలేదు. మా సంఘంలో ఓ అలవాటుంది. పిల్లల్లేని ఆడవాళ్లను ముందుకు పిలిచి, తలమీద చెయ్యి వేసి గర్భఫలం కోసం ప్రార్థన చేస్తారు. మంచి మనసుతోనే చేస్తారు, కాదనను. కానీ పెళ్లయి ఇన్నేళ్లయినా పిల్లల్లేనిది సంఘంలో నేనొక్కదాన్నే. వెళ్లి నిలబడితే అందరి కళ్లూ నా కడుపు మీదే ఉంటాయి. ప్రతి నెలా మొదటి ఆదివారం జరగాల్సిన ఆ ప్రార్థన ఈమధ్య టైం చాలక ఆగిపోతోంది. ఆ రోజు మాత్రం తప్పేట్టు లేదు. గుండ్లపోచంపల్లి నుంచి ఒక అక్కగారిని ప్రసంగానికి పిలిచారు.

ఆమె చక్కగానే మాట్లాడింది. "స్త్రీకి దేవుడిచ్చిన పిలుపు తల్లితనమేనండీ" అంది. తల్లులందరికీ స్టీలు డబ్బాలు పంచింది. తర్వాత, "పిల్లల్లేని చెల్లెళ్లు ముందుకు రండమ్మా. సిగ్గుపడకండి" అంది.

పక్కనున్న శ్రీదివ్య నన్ను మోచేత్తో పొడిచింది. "లెవ్వక్కా, నిన్నే." భూమిలోకి పోతే బాగుండుననిపించింది.

అంతలో వజ్రమ్మవ్వ లేచింది.

"అక్కా, నాది గూడ ఒక ప్రార్థన ఉన్నది."

"చెప్పండమ్మా. మీకు పిల్లల్లేరా?"

"నాకు ఎల్లేష్ ఉన్నడు. మా బర్రెకు లేరు."

హాలంతా గొల్లున నవ్వింది.

"అమ్మా, ఇది స్త్రీల కోసమండీ..."

"అది గూడ ఆడిదే గదక్కా. సూడి నిలుస్తలేదు. డాక్టర్ వచ్చి సూదిచ్చిండు. మేడ్చల్ కెల్లి ఇంకో డాక్టర్ రావట్టె, తొవ్వల ఆయన బండి పంచరాయె. గా పంచరేసినాయన మా ఎల్లేష్ దోస్తే..."

నాకు ఒళ్లు మండిపోయింది. నా బాధ పక్కన తెచ్చి బర్రెను కట్టేసిందే! పైగా ఆ బర్రె పోయిన నెలే ఈనింది. ఊరవతల కొట్టంలో దూడ గంతులేస్తోంది. ఎవరికీ చెప్పకుండా జున్ను నాకు తెచ్చిపెట్టింది కూడా. ప్రార్థన మందిరంలో నిలబడి పచ్చి అబద్ధం!

అక్కగారు మూడు రకాలుగా ఆపబోయింది. బాలేష్ కీబోర్డు వాయించాడు. పంచరు అయిపోయి కథ మళ్లీ డాక్టరు దగ్గరకు వచ్చేసరికి బయట బిర్యానీ వాసన మొదలైంది, పిల్లలు ఏడుపు అందుకున్నారు. ఇక లాభం లేదని అక్కగారు బర్రె కోసం గబగబా ఒక్క ముక్క ప్రార్థన చేసి ఆమెన్ అనేసింది. అందరూ అన్నాలకు లేచారు. నన్ను పిలవాలని ఎవరికీ గుర్తులేదు.

ఇంటికొస్తుంటే దారిలోనే పట్టుకున్నాను. "దేవుని ముంగట అబద్ధమాడినవ్ గదా అవ్వా!"

"బర్రె ఈనిందని దేవునికి తెల్వదా ఏంది? ఆయనకు జెప్పలే. గా అక్కకు జెప్పిన."

"ఎందుకట్ల?"

వజ్రమ్మవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఎల్లేష్ పుట్టకముందు నన్ను గూడ గట్లనే నిలవెట్టిండ్రు బిడ్డా. సిగ్గుకు ఆ ప్రార్థన ఒక్క ముక్క ఇనవడలే నాకు. నీ కోసం నేను ఇంట్లనే చేస్తున్న. ఆయనకు మైకు అక్కర్లేదు."

"మరి ఆడోళ్లకు దేవుని పిలుపంటే తల్లితనమే అన్నది గదా ఆ అక్క?"

"నీ బాప్తిస్మం నాడు నీళ్లల్ల నిన్ను ఏమని పిలిచిండు అయ్యగారు? వినోదా అన్నడా, ఫలానోని తల్లీ అన్నడా?"

మొదటి ఆదివారాల్లో టైం ఎందుకు చాలడం లేదో అప్పుడు తట్టింది. కళ్లు తడిశాయి. "అయితే గిన్ని రోజులు గవన్నీ నా కోసమే చెప్పినవా అవ్వా?" అన్నాను.

"అన్నీ నీ కోసమేంది? బస్సు ముచ్చట నాకు నిజంగనే చెప్పబుద్ధయింది."

జూన్ మొదటి ఆదివారం, సాక్ష్యాల వేళకు పాస్టరుగారే భయపడుతూ అడిగారు. "వజ్రమ్మా, బర్రె సంగతేమాయె?"

వజ్రమ్మవ్వ లేచింది. "అయ్యా, దేవుడు మనం అడగకముందే ఇచ్చిండు!"

సంఘమంతా హల్లెలూయా అంది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆ తర్వాత దూడ నిలబడటం, పడటం, మళ్లీ నిలబడటం మొదలయ్యాయి. పాస్టరుగారు తల పట్టుకున్నారు.

"ఎప్పుడు కూసుంటదక్కా ఈమె?" అని శ్రీదివ్య విసుక్కుంది.

"ఇంకా దుడ్డెకు పేరే పెట్టలే, ఊకో" అన్నాను.