ఐసులో పెట్టిన సీసా

మా ఆయన బర్రెలకు సూది వేస్తాడు. ఎదకొచ్చిందని ఫోన్ వస్తే చాలు, గడ్డకట్టించిన వీర్యం గొట్టాలున్న నైట్రోజన్ క్యాన్‌ను బండికి కట్టుకుని కోటగిరి చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరుగుతాడు. అలాంటి మనిషికి పెళ్లయి ఇన్నేళ్లయినా పిల్లల్లేరు. ఊళ్లోవాళ్ల నోళ్లు ఊరుకుంటాయా!

ఆ రోజు నాకు గుడ్డు విడుదలయ్యే రోజు. బాన్సువాడ దవాఖానలో ఆయన వీర్యాన్ని శుభ్రం చేసి నా గర్భసంచిలోకి ఎక్కిస్తామన్నారు. అక్కడి గదిలో వీర్యం పట్టివ్వడం తన వల్ల కాదని ఆయన మొండికేశాడు. సరే, ఇంట్లోనే సీసాలో పట్టి గంటలోపు తెమ్మన్నారు.

దారి పొడుగునా వడ్ల ట్రాక్టర్లే అడ్డం. బండి వెనక కూర్చుని మాటిమాటికీ టైం చూసుకుంటున్నాను. ఆయన ఇచ్చిన సంచి ఒళ్లో తడిగా తగిలితే విప్పి చూశాను. సీసా చుట్టూ ఐసు ముక్కలు!

"ఏందయ్యా గిది?"

"ఖరాబు గాకుండ పెట్టిన. బర్లయి సల్లగనే ఉంచుతం గదనే."

"నేను బర్రెనా?" అని అరిచాను. ఐసంతా రోడ్డు మీద పారబోసి, ఒంటి వెచ్చదనం తగిలేలా సీసాను జాకెట్లో దోపుకున్నాను.

ల్యాబులో పరీక్ష చేసే అక్క మైక్రోస్కోపులోంచి ఎంతసేపటికీ తల ఎత్తదే!

"శానా వరకు సచ్చిపోయినయ్ చెల్లె," అంది చివరికి. "అప్పుడే వచ్చిన కణం ఉరుకుతది గని గుడ్డులకు దూరలేదు. దాని మీద పూత ఉంటది. ఆడమనిషి కడుపుల కొన్ని గంటలు తిరిగినంక ఆ పూత పోతది, అప్పుడొస్తది సత్తువ. సలి తగిలితే ముందుగాలనే తయారై, గుడ్డు దాక పోకముందే వాటి సత్తువ అయిపోతది."

"మరి బర్లయి?" అన్నాడు ఆయన.

"గడ్డకట్టించే ముందు వాటికి సలికి సావకుండ మందు కలుపుతరు గదన్నా."

ఆయనకు ఆ సంగతి తెలుసు. తెలిసీ తోచలేదు.

మిగిలినవి కొన్నే, ఆశ తక్కువ, ఎక్కించమంటారా అని డాక్టరమ్మ ఆయన్ను అడిగింది. "ఎక్కించండి మేడం," అన్నాను నేనే.

ఆ నెల బహిష్టయింది. ఆయన అన్నం తిని లేచాక చెప్పాను. గోడకానుకుని అలాగే కూలబడ్డాడు.

"నేనే సంపిన గదనే," అన్నాడు.

కాదని నేను అని ఉంటే ఎంత బాగుండేది! "అవును, నువ్వే," అనేశాను. అన్నాక ఆయన పక్కనే కూర్చుని ఏడ్చాను.