అవ్వ గీసిన ఇంటి నంబరు

నా చిన్నప్పుడు గోదావరిఖనిలో మా క్వార్టర్లు ఎంత ఒకేలా ఉండేవంటే, ఏ తలుపు తోసినా మన ఇల్లే అనిపించేది. అదే సున్నం, అదే పచ్చ తలుపు, ముందర పొగ చిమ్ముతూ అదే బొగ్గు పొయ్యి. నాన్నకు బొగ్గుబావిలో పని దొరికాక ఊరి నుంచి వచ్చేశాం. తాత పోయాక అవ్వనూ తెచ్చుకున్నాం. పాపం, ఆమెకు అంకెలు రావు, చూపూ మందమే.

వచ్చిన కొత్తలోనే అవ్వ పెద్ద పని చేసింది. నీళ్లు పట్టుకుని వస్తూ వెనక వరుసలో ఎవరింట్లోకో వెళ్లిపోయింది. అక్కడ నైట్ షిఫ్టు చేసొచ్చిన మనిషి ముసుగు తన్ని పడుకున్నాడు. కొడుకే అనుకుని, "లే బిడ్డా, పొద్దెక్కింది, బువ్వ తిందువు లే" అంటూ దుప్పటి లాగేసింది. ఆయన లేచి పెట్టిన కేక మా వరుసదాకా వినబడింది! నల్లా దగ్గర చాలా రోజులు అదే ముచ్చట, అవే నవ్వులు.

అవ్వ మాత్రం నవ్వలేదు. బట్టలు మూట కట్టుకుంది. "నా ఇల్లు నాకే తెల్వని ఊర్లె ఎట్లుంటరా? నన్ను బస్సెక్కియ్యి" అంది నాన్నతో. అవ్వ పక్కన తప్ప నాకు నిద్ర పట్టేది కాదు. గొంతెత్తి ఏడ్చాను.

నా ఏడుపు విని పక్కింటి కాక వచ్చాడు. ఆయన పెయింటరు. సినిమా హాలు బొమ్మలు, దుకాణాల పేర్లు, బావి దగ్గర హెచ్చరికలు, మా తలుపుల మీది నంబర్లు అన్నీ ఆయన చేతివే. అవ్వ ఇల్లు గుర్తుపట్టేలా మా తలుపు మీద ముచ్చటైన నెమలిని వేశాడు. వాడంతా మెచ్చుకుంది. తీరా అవ్వను వీధి చివర నిలబెట్టి అడిగితే, "ఏందో మరక లెక్క కనవడుతాంది బిడ్డా" అంది. కాక ముఖం చిన్నబోయింది. నాకైతే ఆశే పోయింది.

కాసేపు బీడీ కాల్చి, ఆ తడి రంగునంతా గుడ్డతో తుడిచేశాడు కాక. అవ్వ చేతిలో సుద్దముక్క పెట్టి, తలుపు మీది చిన్న నంబరు చూపించి, "నీకెట్లొస్తే గట్ల గియ్యవ్వా" అన్నాడు.

"నాకు రాసుడు రాదు బిడ్డా."

"రాసుడు గాదు, ముగ్గేసినట్టే."

అవ్వ కొంగు దోపి, మోచేయి ఊపుతూ తలుపు నిండా ముప్పై ఎనిమిది గీసింది. మూడుకి పొట్ట ఎక్కువైంది, ఎనిమిది పక్కకు ఒరిగింది. కాక ఒక్క వంకరా సరిచేయలేదు. ఆ గీతల మీదే లావుగా తెల్లరంగు వేశాడు.

మర్నాడు అవ్వ బిందెతో ఒక్కతే వెళ్లింది. నేను గడపలో కూర్చుని దారి చూశాను. పొయ్యిల పొగలోంచి, ఎక్కడా ఆగకుండా, తిన్నగా మా గుమ్మానికే వచ్చింది! "గది నా చెయ్యే గదనే, దూరంకెల్లే గుర్తువట్టిన" అంటూ బిందె దింపింది. ఆ పూటే మూట విప్పేసింది. నేను ఎగిరి గంతేశాను.

పెద్దయ్యాక పుస్తకాల అట్టలకు అక్షరాలు గీస్తూ బతుకుతున్నాను. పని అందంగా కుదిరిందని మురిసిపోతున్నప్పుడు, అది చూడాల్సినవాళ్లు ఎక్కడ నిలబడి ఉన్నారా అని ఒకసారి ఆలోచిస్తాను. వాళ్ల కళ్లకు అందదనిపిస్తే మళ్లీ మొదలుపెడతాను. బాధేస్తుంది, ఎందుకేయదు? కానీ కాక తన పనితనాన్ని చూసుకుని ఆగిపోయి ఉంటే, మా అవ్వ బస్సెక్కి వెళ్లిపోయేది. ఆమె కడదాకా నా పక్కనే పడుకుంది.