నెట్ అడ్డం కట్టిన రోజు

మా కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా చేరిన రోజు నేను ముందు వెతికింది స్టాఫ్ రూము కోసం కాదు, గ్రౌండు కోసం. అది ఎక్కడా కనబడలేదు. పాడేరు దగ్గర ఒక కొండ వాలు మీద కట్టిన కాలేజీ అది. క్లాసులు పైన, వాటి కింద లైబ్రరీ, దాని కింద కాఫీ తోట, అంతకంటే కింద గెడ్డ, అంటే కొండవాగు. ఆడపిల్లల వాలీబాల్ జట్టును తయారు చేయడం నా ఉద్యోగంలో మొదటి పని. నాది విజయనగరం వైపు మైదానపు ఊరు. మా నాన్న పొలంలో బంతి విసిరితే పడ్డ చోటే ఉంటుంది. ఇక్కడ విసిరితే గెడ్డలో తేలుతుంది.

జట్టులో చేరతామని వచ్చిన పిల్లలు అడిగారు. "గ్రౌండు ఎక్కడ మేడం?"

"చేసుకోవాలి," అన్నాను. చెప్పాలి కాబట్టి చెప్పాను గానీ, రేపటి నుంచి ఒక్కరూ రారనే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే పారలతో, గునపాలతో వచ్చేశారు. వాళ్ల ఇళ్లల్లో కొండ వాలును తవ్వి పొలం మెట్లు చేసుకోవడం ఏటా ఉండే పనే. లైబ్రరీ పక్కన పైవైపు మట్టి తవ్వి కిందికి లాగారు, కింది అంచున రాళ్లు పేర్చి గట్టు కట్టారు. నేనూ రాళ్లు మోశాను. రాత్రి చేతులు కందిపోయి అన్నం కలపలేకపోయాను. పోనీలే అని స్పూనుతో తిన్నాను. కొన్ని వారాలకు ఒక కోర్టు, దాని చుట్టూ నాలుగడుగుల జాగా తేలాయి. కాలేజీ మొత్తంలో చదునైన నేల అదొక్కటే.

రాతి గట్టు అవతల కంచె లేదు. బంతి గట్టు దాటిందంటే కాఫీ మొక్కల మధ్య నుంచి దొర్లుకుంటూ పోయేది. దిగడం పర్వాలేదు, మళ్లీ ఎక్కడానికే ప్రాణం పోయేది. అందుకని పిల్లలే ఒక నియమం పెట్టుకున్నారు. ఎవరి చేతి మీంచి బంతి జారితే వాళ్లే దిగి తేవాలి. ఆ భయానికి మా పిల్లలు బంతిని నేల తాకనిచ్చేవారు కాదు. పడిపోయి, దొర్లి, మోకాళ్లు గీరుకుపోయినా సరే, లేపేవారు. మా జట్టు డిఫెన్స్ చూసి బయటివాళ్లు నా కోచింగును మెచ్చుకుంటుంటే నేను వినయంగా తల వంచేదాన్ని. అసలు కోచ్ ఆ వాలు.

ఆ అలవాటే మొదటి పోటీల్లో మా కొంప ముంచింది. యూనివర్సిటీ ఇంటర్ కాలేజియట్ పోటీలకు కిందికి, సముద్రం పక్క ఊరికి వెళ్లాం. కనుచూపు మేర చదునైన గ్రౌండు. అవతలి జట్టు కొట్టిన బంతి లైను దాటి పోతుంటే మా పిల్లలు పరిగెత్తి మరీ దాన్ని అందుకుంటున్నారు. ముట్టుకోకుండా ఉంటే పాయింటు మాది. ముట్టుకుని పాడుచేస్తే వాళ్లది. నేను లైను బయట నిలబడి గొంతు చించుకున్నాను. "ఒగ్గేయండే గుంటల్లారా! అది అవుట్!"

ఒక్కరూ ఒగ్గలేదు. చిత్తుగా ఓడిపోయాం. బస్సులో అడిగాను, చెవిటివాళ్లా మీరు, ఎందుకు వదల్లేదని. వెనక సీట్లోంచి ఒక పిల్ల ఏడుపు గొంతుతోనే అంది.

"ఒగ్గేత్తే ఎవులు దిగి తెత్తారు మేడం?"

నాకు కోపం, నవ్వు ఒకేసారి వచ్చాయి. ఘాట్ రోడ్డు ఎక్కేదాకా నవ్వుతూనే ఉన్నాం. తర్వాతి ఏడాది అవుట్ బంతిని వదలడం నేర్పించడానికే సగం సీజను పట్టింది. ఆ ఏడు ఒక మ్యాచి గెలిచాం. ఆ పైఏడు ఇంకా కొన్ని. ఒక్కో బ్యాచి డిగ్రీ ముగించి వెళ్తూ మోకాలి పట్టీలు ఉతికి, ఆరబెట్టి, కొత్తగా వచ్చిన వాళ్ల చేతిలో పెట్టేది. చలికాలంలో లంబసింగి వైపు మంచు చూడ్డానికి జనం కార్లేసుకుని వస్తారు కదా, అలాంటి మంచులోనే మేం ప్రాక్టీసు చేసేవాళ్లం. బంతి నెట్ దాటాక గానీ కనబడేది కాదు.

అలా కొన్ని బ్యాచిలు గడిచాక, ముంచింగిపుట్టు దాటి లోపలికి పోతే వచ్చే ఒక చిన్న ఊరి నుంచి ఒక పిల్ల చేరింది. పొట్టిది. మాటలు తక్కువ. కానీ లిఫ్టర్‌గా బంతిని స్మాష్ కొట్టేవాళ్లకు అందించే తీరు చూస్తే నాకే అసూయ కలిగేది. రెండో ఏడాదికే కెప్టెన్ అయింది. యూనివర్సిటీ జట్టుకు ఎంపికైతే స్పోర్ట్స్ కోటాలో వ్యాయామ విద్య కోర్సులో సీటు వస్తుందని, నాలాగే పి.డి. అవుతానని చెప్పింది. ఎంపిక పోటీలు వేసవి సెలవులు ముగియగానే ఉన్నాయి. అప్పటిదాకా రోజూ ఆడితేనే ఆశ.

సరిగ్గా అప్పుడే మా ప్రిన్సిపాల్ గారికి మా గ్రౌండులో స్టాఫ్ కార్లకు షెడ్డు కట్టించాలనిపించింది. ఆయన కోస్తా నుంచి వచ్చినవారు, చెడ్డవారేమీ కాదు. పిల్లల హాస్టల్లో నీళ్లు రాకపోతే తానే వెళ్లి నిలబడి మోటారు బాగు చేయించేవారు.

"చదునుగా ఉన్నది అదొక్కటే కదా మేడం," అన్నారు. "పిల్లలకు వేరే చోటు చూద్దాం."

"వేరే చోటు ఎక్కడ సార్, గెడ్డలోనా?"

ఆయన నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఎన్ని రకాలుగా చెప్పినా ఆయన మాట ఒకటే. "ఇంక వదిలేయండి మేడం." ఇటుకల పండగ సెలవులయ్యాక పని మొదలవుతుందన్నారు. ఆ సాయంత్రం నేనే నెట్ విప్పి, మడతపెట్టి, కెప్టెన్ చేతికిచ్చాను. కాలేజీలో ఉంచితే ఎక్కడో మూల పడేస్తారని నా బెంగ. ఆ పిల్ల నెట్‌ను గుండెకు హత్తుకుని వెళ్లిపోయింది.

ఇటుకల పండగంటే ఏజెన్సీ గిరిజన ఊళ్లలో పెద్ద పండగ. చైత్రంలో మగవాళ్లు వేటకు అడవికి పోతారు. ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా కర్రో తాడో పట్టుకుని వచ్చే పోయే బళ్లను ఆపుతారు. ఎంత పెద్ద ఆఫీసరైనా ఏదో ఒకటి ఇచ్చి దాటాలి. కోప్పడకూడదు. ఇక్కడ ఉద్యోగం చేసే వాళ్లందరికీ అలవాటే, జేబులో చిల్లర నోట్లు పెట్టుకునే బయల్దేరతారు.

పండగ రోజుల్లో పాడేరులో ఏదో మీటింగు ఉందని ప్రిన్సిపాల్ గారు తన కారులో నన్నూ రమ్మన్నారు. కాలేజీ కింద ఊరి మలుపు తిరగ్గానే రోడ్డుకు అడ్డంగా కట్టి ఉంది. కర్ర కాదు, తాడు కాదు. మా నెట్. ఒక కొస చింత చెట్టుకు కట్టి, రెండో కొస పిల్లలు బిగించి పట్టుకున్నారు. జట్టు మొత్తం ఉంది. వాళ్ల వెనక ఊరి ఆడవాళ్లు ఉన్నారు. కెప్టెన్ పండగకు తన ఊరు వెళ్లకుండా ఇక్కడే స్నేహితురాలింట్లో ఉండిపోయిందని నాకు అప్పుడే తెలిసింది.

సార్ నవ్వుతూ జేబులో చెయ్యి పెట్టారు. కెప్టెన్ కిటికీ దగ్గరకు వచ్చింది.

"డబ్బులొద్దు సార్."

"మరేం కావాలమ్మా?"

"గ్రౌండు. గ్రౌండు ఇచ్చేసి ఎల్లండి సార్."

సార్ ముఖంలో నవ్వు పోయింది. నా వైపు తిరిగారు. "ఇది మీరు చెప్పించిందేనా?"

"లేదు సార్. నాకు తోచి ఉంటే నేనే అడ్డం కట్టేదాన్ని."

"మీటింగుకు ఆలస్యమవుతోంది మేడం. దించమని చెప్పండి."

నేను కారు దిగాను. దించమని చెప్పడానికే దిగాననుకుని పిల్లలు నా ముఖం వంక చూశారు. కొస పట్టుకున్న పిల్ల చేతులు ఎర్రగా కంది ఉన్నాయి. ఎప్పటి నుంచి నిలబడ్డారో ఏమో. "ఇటియ్యే," అని ఆ కొస నేను అందుకుని బిగించి పట్టుకున్నాను. ఉద్యోగం సంగతి తర్వాత చూసుకోవచ్చనిపించింది. ఏ మ్యాచి గెలిచినప్పుడూ నాకంత సంతోషం కలగలేదు.

జట్టులో ఒక పిల్ల వాళ్ల అమ్మమ్మ ముందుకొచ్చింది. "పండగ అడ్డు బాబూ. కోపం కూడదు, ఉత్త సేతుల్తో దాటకూడదు. నువ్వు ఇచ్చేదాకా ఈడే కూకుంటాం," అని నిజంగానే రోడ్డు మీద చతికిలబడింది. వెనక ఒక జీపు వచ్చి ఆగింది. అందులో జనం దిగి, సంగతి కనుక్కుని, వాళ్లూ నిలబడిపోయారు. హారన్ కొట్టినవాడు లేడు.

సార్ అద్దంలో వెనక ఆగిన జీపును చూసి, ఇంజను ఆపేశారు. చివరికి అన్నారు. "సరే. తీసుకోండి."

"కిందికి దిగి సెప్పండి సార్. అందరూ ఇనాల," అంది కెప్టెన్.

ఆయన దిగారు. అందరి ముందూ చెప్పారు. "గ్రౌండు మీదే. షెడ్డు అక్కడ కట్టం." మాట ఇస్తే తప్పే మనిషి కాదాయన. అది పిల్లలకూ తెలుసు, అందుకే వేరెవరినో కాకుండా ఆయన్నే ఆపారు. మేం నెట్ దించాం. కారు వెళ్లిపోయింది. నేను ఎక్కలేదు.

నెట్ భుజాల మీద వేసుకుని అందరం గ్రౌండుకు నడిచాం. స్తంభాలకు కట్టి, ఎత్తు సరిచూశాం. మొదటి సర్వీసు కెప్టెన్‌దే. ప్రిన్సిపాల్ కారు ఆపిన ఊపు ఇంకా తగ్గలేదేమో, బలమంతా పెట్టి కొట్టింది. బంతి నెట్ దాటి, లైను దాటి, గట్టు దాటి కాఫీ తోటలోకి దొర్లిపోయింది. నేను దిగబోతే ఆపింది.

"నాను ఏసిన బంతి మేడం. నానే తెత్తాను."

కిందికి దిగి, చాలాసేపటికి ఆయాసపడుతూ ఎక్కొచ్చింది. బంతికి అంటిన మట్టిని పరికిణీతో తుడుస్తూ అడిగింది. "గ్రౌండు ఇంకెవులికీ ఇవ్వం కదా మేడం?"

"ఇవ్వం," అన్నాను. "బేగి సర్వీస్ ఎయ్యే."