ఎడమచేతి వాటం

మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి. ఆ లోటు తీర్చడానికే దేవుడు నన్నిచ్చాడని మా అత్తగారు అంటుండేది. నిజమే, నాకు నోరు ఎక్కువే. అదే లేకపోతే ఈ కథే లేదు.

ఆయన పనిచేసేది మూడు కుర్చీల సెలూన్లో. పుట్టుకతోనే ఎడమచేతి వాటం. చిన్నప్పుడు పలక మీద ఎడమచేత్తో రాస్తే మాస్టారు వేళ్ల మీద కొట్టేవారట. సెలూన్ యజమానిని అందరూ పెద్దాయన అంటారు. ఆయన కొట్టలేదు గానీ, "ఎడమచేత్తో కత్తి పట్టుకుంటే వచ్చినవాళ్లు హడలిపోతారయ్యా, కుడిచేత్తో చెయ్యి" అన్నాడు. ఈయన సరేనన్నాడు. ఇంకేముంది, ఒక చెంప నున్నగా వస్తే రెండో చెంప మీద గాటు! చివరికి కత్తి తీసుకుని చీపురు చేతికిచ్చారు. రాలిన వెంట్రుకలు ఊడవడం, తువ్వాళ్లు ఉతకడం, అద్దాలు తుడవడం, ఇవే ఆయన పనులైపోయాయి.

ఇంట్లో మాత్రం మా నాన్నకి గడ్డం చేసేది ఈయనే, అదీ ఎడమచేత్తోనే. మా నాన్న మహా చాదస్తుడు. కూరలో ఉప్పు తగ్గితే వారం రోజులు సాధిస్తాడు. అలాంటి మనిషి అల్లుడికి గడ్డం అప్పగించి హాయిగా కునుకు తీసేవాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట గెలవడం అయింది గానీ రచ్చ దాకా వెళ్లే దారే కనిపించలేదు.

అంతలో ఎదురుగా కొత్త సెలూన్ వెలిసింది. గాజు తలుపులు, ఏసీ, మెత్తటి సోఫాలు. పెద్దాయన దగ్గరికొచ్చేవాళ్లు ఒక్కొక్కరే రోడ్డు దాటేశారు. పెద్దాయన కూతురు కంపెనీలకి ప్రణాళికలు వేసిపెట్టే ఉద్యోగం చేస్తుంది. తండ్రి దిగులు చూడలేక సెలవు పెట్టి వచ్చింది. ఆ మధ్యాహ్నం నేను క్యారియర్ పట్టుకెళ్లేసరికి ఆ అమ్మాయి సబ్బు నురగ వేలితో తీసి అద్దం మీద రాస్తోంది.

"వాళ్ల దగ్గరున్నవి మన దగ్గర లేవు, సరే. మన దగ్గరేమున్నాయో చెప్పండి."

"మూడు కుర్చీలమ్మా," అన్నాడు అక్కడ అందరికంటే సీనియరైన మీసాలాయన. "కానీ గోడ పక్కది దండగ."

"ఏం?"

"మేస్త్రీ ఘనకార్యం! కుర్చీ కుడివైపు గోడకి ఆనించి బిగించేశాడు. గడ్డం చెయ్యాలంటే మేం కుడిపక్కన నిలబడాలి. అక్కడ పిల్లి కూడా దూరదు. అందుకే తువ్వాళ్లు పడేస్తున్నాం."

పెద్దాయన నిట్టూర్చాడు. "దాన్ని పీకించేద్దాం. ఇతన్ని కూడా వేరే పని చూసుకోమందామనుకుంటున్నా. ఏం చెయ్యనమ్మా, ఊడవడానికి ఒక మనిషిని పెట్టుకునే రోజులా ఇవి?"

ఇతనంటే మా ఆయనే. తల వంచుకుని తువ్వాలు మడతపెడుతున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"బాగుందండీ వరస! రాని చేతికి కత్తిచ్చి, వచ్చిన చేతిని కట్టేసి, ఇప్పుడు పనికిరాడంటారా? ఆ ఎడమచేతికి ఒక్కసారి కత్తిచ్చి చూడండి!"

"నువ్వూరుకోవే," గొణిగాడు ఈయన.

"ఊరుకోబట్టే ఈ గతి పట్టింది!"

అమ్మాయి నురగ వేలితో అలాగే ఈయన వైపు తిరిగింది. "అన్నా, ఎడమచేత్తో చేస్తే నువ్వు ఎటు నిలబడతావు?"

"ఎడమపక్కనమ్మా."

"మరి కుడిపక్క గోడుంటే నీకేంటి అడ్డం?"

ఇన్నేళ్లూ ఆ కుర్చీ మీద తువ్వాళ్లు సర్దింది మా ఆయనే. ఆయనకీ తట్టలేదు, నాకూ తట్టలేదు. ప్రణాళిక అంటే ఇదా అనుకున్నాను.

సరే, కూర్చునేదెవరు? మీసాలాయనకి ఉన్నట్టుండి బయట పనేదో గుర్తొచ్చింది. కూతురు తండ్రి వైపు చూసింది. పెద్దాయన తువ్వాళ్లు పక్కకి నెట్టి గోడ పక్క కుర్చీలో కూర్చున్నాడు. "జాగ్రత్తయ్యా, నేనింకా మనవల పెళ్లిళ్లు చూడాలి."

ఒక్క గాటు పడితే అంతే సంగతులు, మళ్లీ ఈ గుమ్మం తొక్కే పని లేదు. మా ఆయన కత్తిని రెండుసార్లు తుడిచి, బెరుగ్గా ఎడమచేతిలోకి తీసుకున్నాడు. కత్తి చెంపకి ఆనగానే ఆ బెరుకు ఎటు పోయిందో! చెంప మీద నుంచి గడ్డం కిందికి, అక్కణ్ణుంచి పెదవి పక్కకి, కత్తి దానంతటదే నడిచినట్టుంది. కాసేపటికి గురక వినిపించింది. పెద్దాయన నిద్రపోయాడు!

లేపాక రెండు చెంపలూ తడుముకున్నాడు. మళ్లీ తడుముకున్నాడు. "ఒరేయ్, ఈ చేతికి చీపురిచ్చిన నన్ను దేంతో కొట్టాలిరా?"

"ఆ చీపురే తెమ్మంటారా?" అన్నాను. అందరికంటే పెద్దాయనే గట్టిగా నవ్వాడు.

మర్నాటి నుంచి అమ్మాయి చెప్పినట్టే నడిచింది. పొద్దున్నే ఆఫీసులకి పరిగెత్తేవాళ్లకి సోఫాలెందుకు, గడ్డం త్వరగా అయితే చాలు. వాళ్లందరికీ గోడ పక్క కుర్చీ, క్రాపులకి మిగతా రెండూ. మొదట్లో కొందరు బెదిరారు. కూర్చున్నవాళ్లు మాత్రం మర్నాడు బావమరుదుల్ని కూడా వెంటపెట్టుకొచ్చారు.

మొన్న నేను వెళ్లేసరికి ఆయన బ్లేడ్లు కొనడానికి వెళ్లాడు. మూడు కుర్చీలూ ఖాళీ. బ్యాగు తగిలించుకున్న ఒకాయన హడావుడిగా లోపలికొచ్చాడు. "రండి సార్, కూర్చోండి," అని మీసాలాయన కుర్చీ దులిపాడు.

"ఆ ఎడమచేతాయన లేడా?"

"ఇప్పుడే వస్తాడు. నేను చేస్తాగా సార్."

"ఫర్వాలేదులే, ఆయన వచ్చేదాకా ఉంటా." బ్యాగాయన నా పక్కన బల్ల మీద కూర్చుని, "మీరూ ఆయన కోసమేనా?" అన్నాడు.

"అవునండీ, మా ఆయనే!" అన్నాను, ఎదుటి సెలూన్ దాకా వినపడేలా.