గంగమణి పేరుకు వాలు అక్షరాలు

మొన్న ఒక పెళ్లి కార్డు వచ్చింది. నాలుగు మూలలా పూసిన పసుపు ఇంకా వాసన వేస్తోంది. అలవాటుగా కార్డు వెనక్కి తిప్పి వేలితో తడిమాను. నున్నగా ఉంది. సీసపు అక్షరాలతో అచ్చు వేసిన రోజుల్లో కాగితం వెనక కూడా పేరు వేలికి తగిలేది. అలా తడిమి చూడటం నాకు నేర్పింది లింబాద్రి కాక. ఎనభైల్లో ఆర్మూర్ బస్టాండు వెనక ఆయన ప్రెస్సులో పనికి కుదిరి, ఏళ్లకేళ్లు ఆయన పక్కనే నిలబడి అక్షరాలు పేర్చాను.

ఆయన దగ్గర ఒక ఇంగ్లిషు అక్షరాల సెట్టు ఉండేది. లావుగా, కుడివైపుకు వాలి, కొసలకు చిన్న పాదాలతో ఉండేవి. బోల్డ్ ఇటాలిక్ అనేవాళ్లం. వాటిని పేర్లకు తప్ప వాడనిచ్చేవాడు కాదు. చావు కార్డుల్లో అయితే పేరు కూడా నిటారు అక్షరాల్లోనే. దుబాయికి పోయే ఒకతను తన విజిటింగ్ కార్డు మొత్తం ఆ వాలు అక్షరాలే కావాలని పట్టుబట్టాడు.

"అందరు ఒక్కపారి ఒర్రితే ఎవ్వని మాట ఇనవడుతదే? పేరు గట్టిగ జెప్పు, కడమది మెల్లగ జెప్పు" అన్నాడు కాక.

పని లేనప్పుడు ఆ అక్షరాలతో ఒకే పేరు పేర్చి అచ్చు తీసేవాడు. గంగమణి. ఆయన భార్య.

"గీ చిన్న జి సూడు నర్సిగా, చెవుకు కమ్మ వెట్టుకున్నట్టు లేదు?"

"చిన్నమ్మకు సూపెట్టినవా కాకా?"

"సూపెట్టిన. కమ్మలు కాయితం మీదనేనా అన్నది."

తొంభైల్లో కంప్యూటర్ పెడదామని నేనే వెంటపడ్డాను. ఆయన సరే అన్నాడు. అంతలో చిన్నమ్మకు జబ్బు చేసింది. ప్రెస్సు నాకు అప్పజెప్పి, ఆమెను నిజామాబాద్ దవాఖానకు తీసుకుపోయాడు. కంప్యూటర్ టేబులుకు చోటు కావాల్సి వచ్చింది. ఆయనను అడగకుండానే అక్షరాల పెట్టెలన్నీ పాతసామాన్ల బండివాడికి తూకానికి వేశాను. ఆ వాలు అక్షరాలు కూడా పోయాయి.

చిన్నమ్మ బతకలేదు. పెద్దకర్మ కార్డు కోసం ఆయన ప్రెస్సుకు వచ్చాడు.

"పేరు వాలు అక్షరాలల్ల కొడదాం" అన్నాడు.

"చావు కార్డుకా కాకా?"

"ఆమె పేరు నేను ఎప్పుడు గట్లనే రాసిన గదరా."

అక్షరాల పెట్టెలుండే లోపలి గదిలోకి వెళ్లి, ఖాళీ గోడ చూసి వచ్చాడు. నేను గబగబా పేరు కొట్టి, ఒక మీట నొక్కి వాల్చి చూపించాను. మా కంప్యూటర్‌లో ఆ అక్షరాలకు వాలు రూపం వేరే లేదు. నిటారు అక్షరాలనే పక్కకు నెట్టింది. ఆయన తెర దగ్గరికి వంగి చూశాడు.

"గిది వాలింది గాదు బిడ్డా, ఒరిగింది. నిలవెట్టే కొట్టు."

కొన్నాళ్లకు చాయ్ హోటల్లో ఒకడు, "ఏం కాకా, పెండ్లాం దవాఖానల ఉంటే అక్షరాలమ్ముకున్నవట?" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. కాక నా వైపు చూడలేదు.

"పాతవడ్డయ్ తియ్. ఇచ్చేసిన" అన్నాడు.

నేను గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. అప్పటినుంచి ఊళ్లో ఆయన 'అక్షరాలమ్మిన లింబాద్రి' అయిపోయాడు. పోయేదాకా ఆ పేరే.

ఈమధ్య అదే హోటల్లో ఎవరో ఆ పేరు తీసి నవ్వారు.

"అమ్మింది కాక గాదు, నేను" అన్నాను.

ఒక్కరూ నమ్మలేదు. "పోయిన మనిషి మాట పడొద్దని నీ మీదేసుకుంటున్నవ్. గురువంటే గంత పానమా నీకు!" అని భుజం తట్టి, నాకు ఇంకో చాయ్ చెప్పారు.

ఆ చాయ్ తాగి వచ్చాను.